మాట కట్టినోడి పేరేది?

మొన్న ఇద్దరు హాస్టల్ పిల్లలు మా దగ్గరికి వచ్చారు. ఇద్దరి మధ్య ఒకటే సెల్‌ఫోను, చెరో చెవిలో ఒక తీగ. అమెరికా నల్లవాళ్ల ర్యాప్ వింటున్నారు. "అన్నా, జే-జీ అని పెద్ద పాటగాడున్నడు. 2001ల వచ్చిన ఆయన పాటల 'కోల్డ్ క్రష్' అని ఒక పేరొస్తది. వాళ్లకు చేసిన అన్యాయానికి బదులు నేను ఎక్కువ రేటు గుంజుతున్న అన్నట్టు చెప్తడు. ఎవరన్నా ఈ కోల్డ్ క్రష్? వాళ్లకేం అన్యాయం జరిగింది?" అని అడిగారు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన పేరు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్. న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ అనే పేటవాడు. కోల్డ్ క్రష్ బ్రదర్స్ అనే బృందంలో మాట కట్టడంలో మొనగాడు. ర్యాప్‌ను మొదటిసారి దేశదేశాలకు మోసుకెళ్లిన రికార్డు ఒకటుంది. అందులో ఒక గొంతు పలికే మాటలు ఈయన నోటుపుస్తకంలోవి. ఆ రికార్డు మీద ఈయన పేరు లేదు. ఆ మాటలకు తనకు పైసా ముట్టలేదని ఈయన ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు.

ఇది చదివి కొందరు మిత్రులు అడుగుతారు. ఊళ్లో కూలి రేట్ల గొడవ ఉంది, భూమి గొడవ ఉంది, పిల్లల స్కాలర్‌షిప్పులు రాలేదు, ఇంత బాధలో అమెరికా పాటగాడి గొడవ మనకెందుకయ్యా అని. మేం అంటాం, ఇది కూడా కూలి గొడవే. చెప్పు కుట్టడం పనైతే, కుండ చేయడం పనైతే, డప్పు కొట్టడం పనైతే, మాట కట్టడం కూడా పనే. పని చేసినోడికి కూలీ రావాలి, పేరూ రావాలి. పేరు ఎగ్గొడితే కూలి కూడా పోతుంది. ఎట్లా పోతుందో క్యాజ్ కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

కాలిపోయిన పేటలో దరువు

ముందు ఆ పేట సంగతి తెలియాలి. 1970లలో దక్షిణ బ్రాంక్స్ అంటే నల్లవాళ్లు, పోర్టోరికో నుంచి వచ్చినవాళ్లు, కరీబియన్ దీవుల నుంచి బతకవచ్చినవాళ్లు ఉండే పేదల పేట. దాని నడుమ నుంచి పెద్ద రోడ్డు వేశారు. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అంటారు. వేలాది కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించి ఆ రోడ్డు వేశారు. కార్లున్నోళ్లు పేటను చూడకుండానే దాటిపోయే రోడ్డది. కలిగినోళ్లు వెళ్లిపోయారు. మిగిలిన ఇళ్లకు అద్దె సరిగా రావడం లేదని, ఇన్సూరెన్సు డబ్బు కోసం సొంత భవనాలకు నిప్పు పెట్టించిన యజమానులున్నారు. ఒక పక్క ఇళ్లు తగలబడుతుంటే మరో పక్క నగరపాలకులు ఫైరింజన్ కేంద్రాలను తగ్గించారు. 1975లో న్యూయార్కు ఖజానా దివాలా అంచుకు పోయింది. కోత ఎవరి మీద పడిందో మనకు వేరే చెప్పాలా? పేదల బడుల మీద, పేదల ఆస్పత్రుల మీద పడింది.

అటువంటి పేటలో 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో ఒక చిన్న ఆటపాటల విందు జరిగింది. సిండీ కాంబెల్ అనే ఆడపిల్ల బడి తెరిచేనాటికి కొత్త బట్టలు కొనుక్కోవాలనుకుంది. అందుకోసం టికెట్టు పెట్టి ఆట పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. కూల్ హెర్క్ అంటారు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. పాటలో గొంతు ఆగిపోయి వట్టి దరువు మిగిలే చోట జనం కాలు ఊరికే ఉండదని హెర్క్ కనిపెట్టాడు. ఒకే రికార్డును రెండు పళ్లేల మీద పెట్టి, దానిమీంచి దీనిమీదికి, దీనిమీంచి దానిమీదికి మారుస్తూ ఆ దరువును సాగదీశాడు. హిప్‌హాప్ పుట్టుక చెప్పేటప్పుడు అందరూ ఈ రోజునే చెబుతారు. హెర్క్ పేరు చెప్పినంతగా సిండీ పేరు చెప్పరు. అది కూడా గుర్తుపెట్టుకోండి. ఆట పెట్టింది ఆ పిల్ల.

హిప్‌హాప్ అంటే ఒక్క పాటే కాదు. దరువు తిప్పే డీజే, దరువు మీద మాట నడిపించే ఎంసీ, నేల మీద గింగిరాలు తిరిగే ఆట, గోడల మీద, రైలు పెట్టెల మీద రంగుల రాత, ఇవన్నీ కలిస్తే హిప్‌హాప్. ఇందులో మాట నడిపించే పనినే ర్యాప్ అంటున్నాం. పాటకూ మాటకూ మధ్య ఉంటుంది. రాగం తీయనక్కర్లేదు. కానీ దరువు తప్పితే జనం లేచిపోతారు.

క్యాజ్ కుర్రతనంలో హెర్క్ ఆటలు చూసి ఇందులో పడ్డాడు. మొదట డీజే. తర్వాత రెండు చేతులతో రికార్డులు తిప్పుతూనే మైకులో మాట చెప్పడం మొదలుపెట్టాడు. రెండు పనులూ ఒక్కడే చేసిన తొలివాళ్లలో ఆయన ఒకడు. అప్పుడు ఆయన పెట్టుకున్న పేరు క్యాసనోవా ఫ్లై. జోడీ డిస్కో విజ్ అనే డీజే. సామాను పార్కులకు మోసుకుపోయి, వీధి దీపపు స్తంభం నుంచి కరెంటు లాక్కుని ఆడేవాళ్లు. 1977 జూలై 13 రాత్రి న్యూయార్కు మొత్తం కరెంటు పోయింది. అప్పుడు వీళ్లిద్దరూ పార్కులో ఆడుతున్నారు. స్తంభానికి తగిలించిన తమ తీగల వల్లే పోయిందేమోనని ముందు భయపడ్డారట. ఆ రాత్రి నగరంలో దుకాణాలు లూటీ అయ్యాయి. తానూ ఒక మిక్సర్ తెచ్చుకున్నానని క్యాజ్ దాచుకోకుండా చెప్పాడు. ఆ రాత్రి తర్వాత పేటలో సామాను ఉన్న కొత్త బృందాలు చాలా లేచాయని కూడా చెప్పాడు.

దాన్ని మేం సమర్థించడం లేదు. అయితే ఒక్కటి చూడండి. పేద పిల్లవాడు దుకాణంలో మిక్సర్ ఎత్తుకుంటే అది దొంగతనం. రెండేళ్ల తర్వాత అదే పిల్లవాడి మాటలు అతని పేరు లేకుండా రికార్డులోకెక్కి ఊరూరా అమ్ముడుపోతే అది వ్యాపారం.

నోటుపుస్తకం బల్ల మీద పెట్టాడు

ఆ వ్యాపారం ఎట్లా జరిగిందో వినండి. క్యాజ్ బృందానికి మేనేజరుగా ఉన్నవాడు హ్యాంక్. పెద్ద ఒడ్డూ పొడుగూ మనిషి. అందుకే బిగ్ బ్యాంక్ హ్యాంక్ అనేవాళ్లు. బృందానికి సౌండు సామాను కొనడానికి అప్పు చేశాడు. ఆ అప్పు తీర్చడానికి న్యూజెర్సీలో ఇంగిల్‌వుడ్ అనే ఊళ్లో పిజ్జా కొట్టులో పనికి కుదిరాడు. పిజ్జాలు చేస్తూ క్యాజ్ క్యాసెట్లు పెట్టుకుని వాటితోపాటే మాటలు అనుకునేవాడు.

అదే ఊళ్లో సిల్వియా రాబిన్సన్ ఉంది. ఆమె నల్లజాతి మనిషే. 1950ల నుంచి పాడుతున్న గాయని. 1979లో భర్తతో కలిసి షుగర్ హిల్ రికార్డ్స్ అనే కంపెనీ పెట్టింది. పార్టీల్లో ఈ మాటల ఆట చూసి, దీన్ని రికార్డు చేస్తే అమ్ముడుపోతుందని ఆమెకు తట్టింది. పెద్ద కంపెనీలకు ఎవరికీ తట్టలేదు. ఆ తెలివి ఆమెదే, కాదనలేం. పిజ్జా కొట్టులో హ్యాంక్‌ను విన్నారు. కొట్టు బయట కారులోనే పరీక్ష పెట్టారు. మరో ఇద్దరు కుర్రాళ్లు, వండర్ మైక్, మాస్టర్ జీ, కలిశారు. షుగర్‌హిల్ గ్యాంగ్ తయారైంది.

హ్యాంక్‌కు సొంత మాటల్లేవు. క్యాజ్ దగ్గరికి వచ్చి సంగతి చెప్పాడు. క్యాజ్ తన నోటుపుస్తకం తీసి అతని ముందు పడేశాడు. ఏది కావాలో తీసుకో అన్నాడు. దోస్తు కదా. దాని నుంచి ఏమైనా వస్తే తర్వాత తనకూ దారి దొరుకుతుందనుకున్నాడు. కాగితం లేదు, సంతకం లేదు, వాటా మాట లేదు. వీధిలో పుట్టిన ఈ ఆట రికార్డు మీదికెక్కి డబ్బులు తెస్తుందని అప్పటికి పేటలో ఎవరికీ పెద్ద నమ్మకం లేదు.

1979 సెప్టెంబరులో 'రాపర్స్ డిలైట్' వచ్చింది. పద్నాలుగు నిమిషాలు దాటిన రికార్డు. అమెరికా బిల్‌బోర్డ్ పాటల జాబితాలో 36వ స్థానం దాకా వెళ్లింది. ఇంగ్లండులో, కెనడాలో, యూరప్‌లో ఇంకా పైకెళ్లింది. ర్యాప్ అనే మాట అంతకుముందు వినని కోట్ల మంది ఈ రికార్డుతోనే విన్నారు.

అందులో ఒక సంగతి ఉంది. హ్యాంక్ ఎంత తొందరలో పుస్తకం చూసి పాడాడంటే, క్యాజ్ తన పేరును అక్షరం అక్షరం విడగొట్టి చెప్పుకున్న చోటును కూడా మార్చలేదు. హ్యాంక్ నోట క్యాసనోవా పేరు అట్లాగే పడిపోయింది. కంపెనీ కాగితం మీద క్యాజ్ లేడు. కానీ రికార్డు తిరిగిన ప్రతిసారీ ఆయన పేరు దానంతటదే పలుకుతూనే ఉంది. మన ఊళ్లో ఎత్తుకుపోయిన బర్రె పాత యజమాని గొంతు వినగానే అరిచినట్టు.

వకీలున్నోడికే వాటా

ఇప్పుడు అసలు సంగతి. ఆ రికార్డులో మాటలు క్యాజ్‌వి ఎట్లా తీసుకున్నారో, దరువు కూడా అట్లాగే తీసుకున్నారు. అది షీక్ అనే బృందం 1979లోనే విడుదల చేసిన 'గుడ్ టైమ్స్' పాటలోది. ఆ పాట చేసిన నైల్ రోడ్జర్స్ తన దరువును ఒక క్లబ్బులో ఎవరో కొత్తవాళ్ల రికార్డులో విని నిర్ఘాంతపోయాడు. ఆయనా, ఆయన జోడీ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కూడా నల్లవాళ్లే. కానీ వాళ్ల వెనక పెద్ద కంపెనీ ఉంది, వకీళ్లున్నారు, పాట రిజిస్టరై ఉంది. కోర్టుకెక్కుతామన్నారు. వెంటనే దారికొచ్చారు. రచయితలుగా రోడ్జర్స్, ఎడ్వర్డ్స్ పేర్లు చేరాయి. రాబడిలో వాటా చేరింది.

ఒకే రికార్డు. దరువు తీసుకున్నారు, మాట తీసుకున్నారు. దరువు యజమానికి న్యాయం దొరికింది, మాట యజమానికి దొరకలేదు. తేడా ఎక్కడుంది? ప్రతిభలో ఉందా? లేదు. కాగితంలో ఉంది. ఒకరి పని రిజిస్టరులో ఉంది. ఇంకొకరి పని స్కూలు నోటుపుస్తకంలో ఉంది. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న భూమికి పట్టా లేక పోగొట్టుకున్న మన జనానికి ఈ లెక్క కొత్తగా నేర్పాలా?

ఇక్కడ ఇంకో చేదు నిజం దాచకుండా చెప్పాలి. క్యాజ్‌ను ముంచింది తెల్లవాళ్లని చెబితే కథ సులువుగా ఉంటుంది. కానీ నిజం అది కాదు. కంపెనీ నల్లవాళ్లది. పాడినవాడు నల్లవాడు, పైగా దోస్తు. అణగారినవాళ్ల నడుమ కూడా మెట్లుంటాయి. స్టూడియో ఉన్నోడు పై మెట్టు, నోటుపుస్తకం ఉన్నోడు కింది మెట్టు. మనవాడే కదా అని లెక్క అడగకపోతే, మనవాడి చేతిలోనే లెక్క తప్పుతుంది. అట్లాగని హ్యాంక్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టడం మాకిష్టం లేదు. అతనూ అప్పు తీర్చుకోడానికి పిజ్జా కొట్టులో చెమటోడ్చినవాడే. 2014లో కన్నుమూశాడు. అతని జోడీలు వండర్ మైక్, మాస్టర్ జీల గతి చూడండి. కంపెనీతో తగువు పడి బయటికొచ్చాక తమ వేదిక పేర్లు తాము వాడుకునే హక్కు కోసం పోరాడాల్సొచ్చింది. దాని మీద 2011లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. నా పేరు నాకియ్యండి అనేదే దాని పేరుకు అర్థం. ఇంకొకరి మాటతో పైకొచ్చినవాళ్లు చివరికి సొంత పేరు కోసం తిరిగారు. పేరును సరుకు చేసే బజారు ఎవరినీ వదలదు.

రికార్డు లేని బృందం నేర్పిన పాఠం

హ్యాంక్ వెళ్లిపోయాడు. క్యాజ్ ఏడుస్తూ కూర్చోలేదు. కోల్డ్ క్రష్ బ్రదర్స్‌లో చేరాడు. టోనీ టోన్, చార్లీ చేజ్ డీజేలు. చార్లీ చేజ్ పోర్టోరికో మూలాలున్నవాడు. ఈజీ ఏడీ, జేడీఎల్, ఆల్మైటీ కేజీ, క్యాజ్ మాటకారులు. నలుగురు మాటకారులు ఒకరి మాట చివర ఇంకొకరు అందుకోవడం, అందరూ కలిసి ఒక్క గొంతుగా పలకడం, జనానికి తెలిసిన పాటల బాణీల మీద కొత్త మాటలు వేయడం వీళ్ల పద్ధతి. ఈ పద్ధతి మనకు తెలియనిదేం కాదు. తెలిసిన బాణీ మీద కొత్త మాట వేస్తే జనం రెండోసారికే గొంతు కలుపుతారని మన పాటగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1981 జూలైలో హార్లెం వరల్డ్ అనే చోట వీళ్లకూ ఫెంటాస్టిక్ అనే బృందానికీ పోటీ జరిగింది. దాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. చేతిలో పెద్ద రికార్డులు లేవు. కానీ వీళ్ల ఆటలు క్యాసెట్లలోకెక్కాయి. క్యాసెట్టు మీంచి క్యాసెట్టు ఎక్కించుకుని చేతులు మారాయి. అద్దె కార్ల డ్రైవర్లు కార్లలో పెట్టుకుని తిరిగారు. రేడియోలో రాని పాటను కార్లు పేట పేటకూ వినిపించాయి. అట్లాంటి క్యాసెట్టొకటి క్వీన్స్‌లో హాలిస్ అనే చోట ఉండే బడిపిల్లవాడి చెవిన పడింది. అతనే తర్వాత రన్-డీఎంసీ బృందంలో డీఎంసీ. ర్యాప్‌ను పెద్ద పెద్ద స్టేడియాల్లోకి తీసుకెళ్లిన బృందమది. మా గురువులు కోల్డ్ క్రష్ వాళ్లేనని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు.

1983లో చార్లీ అహెర్న్ తీసిన 'వైల్డ్ స్టైల్' సినిమా వచ్చింది. ఎక్కువగా పేట మనుషులే నటించారు. క్యాజ్ బృందం అందులో ఉంది. ఆ సినిమా సంగీతాన్ని నాజ్ అనే ర్యాపర్ 1994లో తన మొదటి ఆల్బం 'ఇల్‌మాటిక్' ఆరంభంలో పెట్టుకున్నాడు. నేను ఎక్కడినుంచి వచ్చానో ముందు వినండి అన్నట్టు.

చూశారా! పెద్ద రికార్డు లేదు, కంపెనీ అండ లేదు. అయినా పని మాత్రం ఒకరి గొంతులోంచి ఇంకొకరి గొంతులోకి వెళ్లింది. డీఎంసీ గొంతులో ఉంది. నాజ్ ఆల్బంలో ఉంది. జే-జీ పాటలో పేరై ఉంది. జే-జీని విన్న మన హాస్టల్ పిల్లల ప్రశ్నలో ఉంది.

కొత్తగా తెలుసుకున్నవాళ్లను తిట్టకండి

కొత్త కుర్రాళ్లు పాతవాళ్ల గురించి అడిగినప్పుడు కొందరు పెద్దలు ఈసడిస్తారు. ఇన్నాళ్లకు తెలిసిందా మీకు? మా కాలంలో... అని మొదలుపెడతారు. ఇది తప్పు. పేరు తుడిచేసింది పిల్లలు కాదు. పాఠంలో లేని పేరు, రేడియోలో రాని పేరు పిల్లలకెట్లా తెలుస్తుంది? తెలుసుకుని వచ్చి అడిగారంటే అది వాళ్ల గొప్ప. ఒక పాటలో ఒక్క మాట పట్టుకుని నలభై ఏళ్లు వెనక్కి నడిచారు. అట్లాంటి పిల్లలను కూర్చోబెట్టి చెప్పాలి.

అయితే పిల్లలకూ ఒక మాట. మీరు క్యాజ్‌ను "కనుక్కున్నారు" అనుకోకండి. కొలంబస్ కూడా అమెరికాను కనుక్కున్నానన్నాడు. అక్కడ అప్పటికే జనం ఉన్నారు. క్యాజ్ ఎక్కడికీ పోలేదు. హిప్‌హాప్ పుట్టిన వీధులను చూపించే బస్సు యాత్రల్లో గైడుగా ఏళ్ల తరబడి తన పేటలో తానే నిలబడి, ఇక్కడ ఇది జరిగింది, అక్కడ అది జరిగింది అని చెబుతూ వచ్చాడు. 2015లో మాకిల్‌మోర్ అనే తెల్ల ర్యాపర్ 'డౌన్‌టౌన్' అనే పాటలో క్యాజ్‌నూ, మెలీ మెల్‌నూ, కూల్ మో డీనీ పిలిచి పాడించాడు. ముగ్గురూ తొలితరం వాళ్లు. ముగ్గురి పేర్లూ రికార్డు మీద ఉన్నాయి. ఆ పాట బిల్‌బోర్డ్‌లో 12వ స్థానానికి వెళ్లింది. చాలామంది కుర్రాళ్లు వీళ్లెవరని అప్పుడే అడిగారు. 1979 మాటలకు దొరకని పేరు 36 ఏళ్ల తర్వాత ఇంకొకరి పాటలో అతిథిగా దొరికింది. సంతోషించాలా, బాధపడాలా? రెండూ.

గౌరవాలు కూడా వచ్చాయి. 'రాపర్స్ డిలైట్'ను అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచాల్సిన రికార్డుల జాబితాలో 2011 సంవత్సరానికి చేర్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయం 2007 నుంచి హిప్‌హాప్ సామగ్రి దాస్తోంది. ఆ రోజుల్లో జో కాంజో తీసిన ఫొటోలు, బడ్డీ ఎస్క్వైర్ చేతితో గీసిన ఆటల కరపత్రాలు అక్కడ ఉన్నాయి. గోడకంటించి మర్నాడు చింపేసే కరపత్రం ఇప్పుడు విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. కరపత్రాలు వేసే మా లాంటివాళ్లకు ఇది చదివితే కడుపు నిండుతుంది. కానీ ఒక్కటి మరువొద్దు. మ్యూజియంలో పెట్టిన పాటకు దండ పడుతుంది. కట్టినోడికి దండ ఒక్కటే చాలదు. దండతో బియ్యం రావు.

"వీధిలో పుట్టింది అందరిదీ కదా, పేరెందుకు?" అనే వాదన ఒకటుంది. ఇది మనకూ బాగా తెలిసిన వాదనే. మేం ఒప్పుకోం. వీధిలో ఉన్నంతవరకు పేరు అక్కర్లేదు, నిజమే. ఎందుకంటే ఎదురుగా నిలబడి పాడేవాడు ఎవరో అందరికీ తెలుసు. పార్కులో క్యాజ్ ఎవరో చెప్పనక్కర్లేదు. బజారుకెక్కిన రోజున మాత్రం పేరు కావాలి. బజారు పేరున్నవాడికే పైసలిస్తుంది. కాబట్టి వీధి నుంచి బజారుకు పాటను మోసుకెళ్లే మొదటి మనిషి మీదే బాధ్యత ఉంది. వాడు పేరు చెబితే పేరుంటుంది. వాడు మింగితే తరతరాలకూ పోతుంది. ఇంకొందరు "క్యాజే కదా పుస్తకం ఇచ్చాడు" అంటారు. ఇచ్చింది దోస్తుకు, బజారుకు కాదు. ఆకలైనోడికి అన్నం పెడితే పొలం రాసిచ్చినట్టా?

మన ఇంటి సంగతి

ఈ కథకూ మనకూ సంబంధం ఊరికే తగిలించింది కాదు. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. నల్లవాళ్ల హార్లెం ఆ పక్కనే. 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు స్వయంగా ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో మన పిల్లలు పార్టీ పెడితే, అమెరికా బ్లాక్ పాంథర్లను చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు మన పిల్లలు ర్యాప్ చెబుతున్నారు. తమిళనాడు నుంచి అరివు చెబుతున్నాడు. ఒడిశా కోరాపుట్ నుంచి సుమిత్ సామోస్ చెబుతున్నాడు.

అరివు సంగతి చూడండి. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' పాటకు మాటలు రాసి, గొంతిచ్చినవాడు అరివు. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన తన అమ్మమ్మ తరం బతుకు అందులో ఉంది. పాట దేశమంతా మోగింది. అదే ఏడాది ఆగస్టులో ఒక సంగీత పత్రిక ఆ పాట గురించి ముఖచిత్రం వేస్తే అందులో అరివు లేడు. దర్శకుడు పా రంజిత్ బహిరంగంగా అడిగాడు. గోల అయ్యాక పత్రిక అరివుతో ఇంకో ముఖచిత్రం వేసింది. 1979కీ 2021కీ మధ్య 42 ఏళ్లు. ఇక్కడ మారింది ఒక్కటే. ఈసారి అడిగేవాళ్లున్నారు. కొత్త అభిమానులు ఊరికే చప్పట్లు కొట్టి పోలేదు. మాట కట్టినోడు ఎక్కడని అడిగారు. అడిగితేనే వచ్చింది.

ఇంతా రాసి మా తప్పు దాచుకుంటే మేమూ ఆ కంపెనీ లెక్కే అవుతాం. కొన్నేళ్ల కిందట మేం ఒక పాటల పుస్తకం వేశాం. చిన్నది. ఊళ్లల్లో పాడుతున్న పాటలు ఏరి వేశాం. అట్ట మీద "సేకరణ" అని మా పేర్లు వేసుకున్నాం. పాటల కింద ఏ పేరూ లేదు. "ప్రజల పాటలు" కదా అనుకున్నాం. ఒక సభలో అది అమ్ముతుంటే ఒక ముసలమ్మ వచ్చి పుస్తకం తిరగేయించింది. ఆమెకు చదువు రాదు. మా పిల్లవాడు ఒక పాట చదివి వినిపించాడు. ఆమె సగంలో ఆపింది. "గీ పాట మా తమ్ముడు కట్టిందే బిడ్డా. నాట్లేసేటప్పుడు కట్టిండు. గీ పుస్తకంల వాని పేరేది?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. పుస్తకం చివరి పేజీలో ప్రెస్సు వాడి పేరుంది. కాగితం కొనిచ్చినవాళ్ల పేర్లున్నాయి. మా పేర్లున్నాయి. పాట కట్టినోడి పేరు లేదు. అతను అప్పటికే చనిపోయాడు. ఆమె గట్టిగా అరవలేదు, తిట్టలేదు. పుస్తకం మా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు మేం కొంత సిగ్గుపడి, కొన్నాళ్లకు మరిచిపోయాం. హాస్టల్ పిల్లలు కోల్డ్ క్రష్ ఎవరని అడిగినప్పుడు ఆమె మాట మళ్లీ గుర్తొచ్చింది. అమెరికాలో జరిగిన అన్యాయం ఇంత చక్కగా వివరిస్తున్నాం కదా, మన బల్ల మీద పడేసిన నోటుపుస్తకం సంగతేమిటి?

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాం. ఆ పాటల పుస్తకం మళ్లీ వేస్తాం. ప్రతి పాట కింద కట్టినవారి పేరు, ఊరు, ఎవరి నోట విన్నామో వేస్తాం. పేరు తెలియకపోతే "తెలియదు, తెలిసినవారు చెప్పండి" అని వేస్తాం. కానీ ఖాళీ ఉంచం. పుస్తకం అమ్మితే వచ్చిన దాంట్లో ఖర్చు పోను మిగిలింది కట్టినవాళ్లకో, వాళ్ల ఇంటివాళ్లకో పంచుతాం. కొద్దిపాటి డబ్బే. అయినా లెక్క లెక్కే. ఆ ముసలమ్మ ఊరు కనుక్కున్నాం. ఆమె తమ్ముడి పేరు ఎట్లా రాయాలో, ఇంటిపేరుతోనా, ఊరిపేరుతోనా, ఆ ఇంటివాళ్లనే అడిగి వేస్తాం. అడగకుండా వేయడం ఒకసారి చేశాం. చాలు.

కార్యకర్తలకు మా మనవి. మీ ఊళ్లో పాట కట్టేవాళ్ల దగ్గర కూర్చోండి. పాట, పేరు, ఊరు, కట్టిన సందర్భం, తెలిస్తే సంవత్సరం ఒక నోటుపుస్తకంలో రాయండి. సెల్‌ఫోనులో ఎక్కించేటప్పుడు ముందు పేరు చెప్పించి తర్వాత పాట పాడించండి. ఫోను మీద పాట ఎంత దూరం పోయినా పేరు దాంతోపాటే పోవాలి. సినిమావాళ్లో, కంపెనీవాళ్లో వచ్చి పాట అడిగితే దోస్తుగా నోటుపుస్తకం బల్ల మీద పడేయకండి. కాగితం మీద రాయించుకోండి. అడగడం మొరటుతనం కాదు.

మళ్లీ ఆ పిల్లల దగ్గరికొద్దాం. అంతా విన్నాక ఒకడు, "అన్నా, ఆ తాత ఇంక మాట చెప్తున్నడా?" అన్నాడు. చెబుతున్నాడన్నాం. రెండోవాడు కొంచెం సేపు ఊరుకుని, "మా నాయనమ్మ గూడ నాట్లల్ల పాట కడతది. మేమెన్నడు రాసుకోలే" అన్నాడు.

మేం ఆ పిల్లవాడి చేతిలో ఒక తెల్ల నోటుపుస్తకం పెట్టాం. మొదటి పేజీలో ముందు ఆమె పేరు రాయమన్నాం.